రాయచూరు కోట లోగోడ – అందలి తెలుగు శాసనము

రాయచూరు కోటకు గోడలు రెండు. వెలిగోడ యొకటి, లోగోడ యొకటి. పట్టణమున పుట్టి పెరిగినవారు సైతము ఈ రెంటిని ఒక్కటిగనే భావించి “కోటగోడ” యని యొక్క మాటతో సరిపెట్టుదురు. కాని వాని వయస్సులో రెండు శతాబ్దులకు మించిన వ్యత్యాసము కలదు. కట్టినవారు వేరు, కట్టిన తీరు వేరు, కట్టిన యవసరమును వేరు. వెలిగోడ బహమనీ, ఆదిల్‌షాహీ సుల్తానుల నాటి పని. మోటురాళ్లను సున్నముతో కూర్చి లేపిన కట్టడమది. లోగోడ కాకతీయుల నాటిది. దానియందు సున్నము లేదు. చక్కగా చెక్కిన పెనురాళ్లు ఒకదానిపై నొకటి తమ బరువుచేతనే నిలిచియున్నవి. ఈ రెండవ గోడయే ప్రస్తుత విషయము. ఏలనగా ఆ గోడ తన పుట్టుపూర్వోత్తరములను తానే చెప్పుకొనుచున్నది, చెప్పుకొనుట తెలుగున.

కోట యిచ్చట నేల వెలసినదో తెలియుటకు దేశపటమును జూచిన చాలును. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. నడుమ నేలను రాయచూరు అంతర్వేది యందురు. రెండు నదుల మధ్య సమతలమైన బయలు, అందందు గుండ్లు, చిన్నచిన్న పొదలు. ఈ బయలునకు నడుబొడ్డున, దక్షిణపుప్రక్క గుట్టల వరుస నానుకొని కోట నిలిచినది. ఆ వైపున గుట్టలే గోడగా నుండుటచే తక్కిన మూడు వైపుల మాత్రము అగడ్త త్రవ్విరి. నడిమి గుట్టపై బాలాహిసారు. ఈ కోట యెవరి చేతనున్నచో అంతర్వేది వారిది. దేవగిరి యాదవులు, ఓరుగల్లు కాకతీయులు, అటుపిమ్మట బహమనీలు, విజయనగర రాయలు, బిజాపురపు ఆదిల్‌షాహీలు దీనికొఱకు పోరినది అందువలననే. రెండు రాజ్యముల పొలిమేర కాలానుగుణముగ ఇటునటు జరుగుచుండ, ఆ పొలిమేరకు వేసిన మేకువలె ఈ గోడ కదలక నిలిచినది.

లోగోడ పడమటి భాగమున ఒక మహాశిల కలదు. దాని పొడవు 41 అడుగుల 8 అంగుళములు. నేటి కొలతలో దాదాపు 12.7 మీటరులు. శాసనము దీనిపైననే చెక్కబడినది. కాలము శకవర్షము 1216. శకమునకు 78 కలుపగా క్రీస్తుశకము 1294 వచ్చును. పంచాంగపు లెక్కకు అది జయ సంవత్సరము. దీనిని సరిచూచుకొనుట చిన్న పిల్లలకును సాధ్యమే: మన కాలమున జయ నామ సంవత్సరము 2014 ఉగాదితో ప్రారంభమైనది. 2014 నుండి 1294 తీసివేయగా 720. అనగా సరిగా పండ్రెండు అరువదులు. ఇట్టి లెక్కను తరగతిలో ఒకసారి చేయించినచో శాసనపు తిథి యెంత నమ్మదగినదో విద్యార్థికి వేరుగ చెప్పనక్కరలేదు.

శాసనమున చెప్పబడిన విషయము సంగ్రహముగ నిది. వర్ధమానపురమును ఏలుచుండిన గన్నయ పక్షమున విఠలుడను దండనాథుడు పడమటి సరిహద్దుమీదికి దండెత్తెను. ఆదవని, తుంబుళము అను దుర్గములను, పిదప మానువ, హాలువ అను దుర్గములను సాధించెను. తుదకు రాయచూరు ప్రవేశించి, పురజనుల రక్షణార్థము దృఢమైన కోటను కట్టించెను. ఆదవని యనునది నేటి ఆదోని. తుంబుళము దాని సమీపమున నున్న తుంబళము. ఈ రెండును 1953 వరకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాకు చేరినవి. మానువ రాయచూరు జిల్లాలోని మాన్వి. ఈ పేర్లను వరుసగా పటముపై గుర్తించినచో సేన తుంగభద్రకు దక్షిణమున బయలుదేరి, నదిని దాటి, అంతర్వేదిలో ముందుకు సాగినట్లు స్పష్టమగును. శాసనకర్త విజయముల నేకరువు పెట్టుచు తనకు తెలియకయే దండయాత్రామార్గమును గీచి చూపినాడు.

ఇక దీనినిగూర్చి లోకమున వ్యాపించిన రెండు పొరపాట్లను విచారింపవలెను. రాయచూరుతో అనుబంధముగల తెలుగువారి సభలలోను, యాత్రికులకై అచ్చువేసిన చిన్ని పుస్తకములలోను ఇవి పదేపదే కనిపించుచున్నవి.

మొదటిది, కోటను రుద్రమదేవి కట్టించెననుట. ఈ మాట యెట్లు పుట్టినదో ఊహించుట కష్టము కాదు. రుద్రమ పాలన 1295 ప్రాంతమువరకు సాగెనని పూర్వపు చరిత్రగ్రంథములు వ్రాసినవి. ఆ లెక్కను బట్టి 1294 నాటి కోట ఆమె కాలమునకే చెందును. అయితే నల్లగొండ ప్రాంతపు చందుపట్ల గ్రామమున దొరకిన శాసనము ఈ లెక్కను మార్చినది. అది 1289 నవంబరు 27వ తేదీకి సరియైనది. రుద్రమదేవియు, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకుడును శివలోకము చేరిన పిదప వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యనునాతడు భూదానము గావించినట్లు అందు కలదు. కనుక రాయచూరు గోడ లేచుచుండు నాటికి రుద్రమ స్వర్గస్థయై అయిదేండ్లు కావచ్చినది. ఓరుగంటి సింహాసనమున నుండినవాడు ఆమె దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు. యాదవులు రుద్రమ కాలమున కాకతీయ రాజ్యముపై దండెత్తిరి. దానికి ప్రతీకారమన్నట్లు ప్రతాపరుద్రుని కాలమున పడమటి దండయాత్ర జరిగినది. రాణి పేరు తీసివేసినందువలన కోట గౌరవమునకు లోటు రాదు. ఆమె కీర్తికి ఓరుగంటి రాతికోట చాలును.

రెండవది పేరునకు సంబంధించినది. “గోరె గంగయ్య రెడ్డివారు” అను పేరు ఈ కోటను వర్ణించు అనేక పుస్తకములలో కనిపించును. గోరె యను ఇంటిపేరుగాని, ఆ పేరుగల సామంతుడుగాని కాకతీయ చరిత్రలో లేడు. ఇది గోనవారి గన్నయ రెడ్డి పేరే. తెలుగు శాసనమునందలి పేరు మొదట ఆంగ్లలిపిలోనికి ఎక్కి, అందుండి కన్నడ, ఉర్దూ, తెలుగు పుస్తకములలోనికి దిగునప్పటికి గోన కాస్త గోరె యైనది, గన్నయ గంగయ్య యైనాడు. తెలుగు శాసనమును తెలుగువారు ఆంగ్లమునుండి అనువదించుకొని చదువుటవలన కలిగిన ఫలమిది! మూలశిల ఊరి నడుమనే నుండగా ఇట్టి ప్రమాదము ఏడు తరముల పుస్తకములకు ప్రాకుట వింతయే.

గోనవారు సామాన్యులు కారు. వారి రాజధాని వర్ధమానపురము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. ద్విపదలో రంగనాథ రామాయణమును రచించినట్లు ప్రసిద్ధిగన్న గోన బుద్ధారెడ్డి ఈ వంశమువాడే. ఆయన కుమార్తె కుప్పాంబిక మల్యాల గుండ దండనాథుని భార్య. 1276 నాటి బూదపురపు శాసనమువలన ఆమెను తెలుగున తొలి కవయిత్రిగ పలువురు గణించుచున్నారు. బుద్ధారెడ్డి కుమారులైన కాచవిభుడు, విఠలరాజు ఉత్తరకాండను రచించి తండ్రి కావ్యమును పూర్తి గావించిరి. ఈ విఠలరాజును, కోటకట్టించిన విఠలుని ఒక్కనిగ చేయవలెనను ఉబలాటము ఎవరికైనను కలుగును. ఒక చేత ఘంటము, మరియొక చేత ఖడ్గము ధరించిన వీరుడు దొరకుట సంతోషకరమే. అయినను, పేరొక్కటియైనంత మాత్రమున మనుజు లొక్కటి కారు. ఆ కాలమున విఠల నామము అంత అరుదైనది కాదు. రెండు పేర్లును ఒకే వంశపు పరిసరములలో, ఒకే తరమునకు సమీపమున కనిపించుటవరకు నిజము. అంతకు మించి చెప్పుట శాసనముచే చెప్పించుటయే యగును. ఇటువంటి తొందరపాటువలననే గోరె గంగయ్య పుట్టినాడని మరువరాదు.

గన్నారెడ్డి పేరు సామాన్య పాఠకులకు అడివి బాపిరాజుగారి నవలవలన పరిచితము. 2015లో వచ్చిన చలనచిత్రమువలన మరింత పరిచితము. ఆ నవలలోని గజదొంగ వేషమును, ఈ శిలమీది పేరును కలుపక వేరువేరుగ నుంచుట మేలు. నవల నవలయే, శాసనము శాసనమే.

శిలయొద్దకు తిరిగి వత్తము. శాసనాక్షరములకంటెను సామాన్యుని మనస్సు నాకర్షించునది ఆ గోడమీదనే గీతలతో చెక్కిన చిత్రము. ఇంతటి రాతిని గనినుండి యిచటికి ఎట్లు చేర్చిరో అందు చూపబడినది. చువ్వలు లేని గట్టి చక్రముల బండి. దానిపై నిలువున సాగిన శిల. ముందు కాడికట్టిన పశువుల బారు. వానిని అదిలించు తోలరులు. వెనుక చక్రములకు మీటలు పెట్టి నెట్టు మనుష్యులు. కోటలను కట్టించిన రాజుల పేర్లు శాసనములలో ఉండుట సర్వసామాన్యము. కోటరాతిని మోసినవారి బొమ్మ ఆ కోటగోడమీదనే యుండుట అత్యంత విరళము. వారి పేర్లు లేవు. వారు తెలుగువారో, కన్నడిగులో గీతలు చెప్పవు. ఇరువురును కలసియుండుటయే ఆ సీమకు సహజము.

శిల బరువును కొంత అంచనా వేయవచ్చును. ఈ ప్రాంతపు నల్లరాయి ఘనపుటడుగు ఒక్కింటికి 75 కిలోలకు తక్కువ తూగదు. శిల ఎత్తు మూడడుగులు, మందము అడుగున్నర మాత్రమే యనుకొని లెక్కించినను 187 ఘనపుటడుగులు, అనగా పదునాలుగు టన్నుల బరువు. మందము మరింత యున్నచో బరువును మరింత. ఇనుపకమ్ములు, యంత్రములు లేని కాలమున దీనిని కదల్చుటకు దారిని ముందుగ చదును చేయవలెను, వాగులు ఎండిన వేసవిని ఎంచుకొనవలెను, పశువులన్నియు ఒక్క అదలింపుతో అడుగు వేయునట్లు అలవాటు చేయవలెను. చిత్రమును చెక్కించిన వానికి ఆ పని యెంత గొప్పదో తెలియును. కాకున్న బొమ్మ గీయించి యుండడు.

ఈ సందర్భమున ఒక విషయము స్మరణకు రాక మానదు. రాయచూరులో తరతరములుగ స్థిరపడిన మున్నూరు కాపులు ఏటేట కారహుణ్ణిమ, అనగా మన ఏరువాక పున్నమి దినములలో ముంగారు ఉత్సవమును జరుపుదురు. అందు ముఖ్యమైనది ఎద్దులచే బండరాళ్లను లాగించు పందెము. టన్నుకు మించిన రాతిని జోడెడ్లు ఈడ్చుచుండ వేలాది జనులు గుమిగూడి చూతురు. ఏడువందల యేండ్ల క్రిందటి చిత్రమునకును నేటి పందెమునకును సంబంధము కలదని ఎవరును నిరూపింపలేరు. రాళ్లు గల నేలలో రాతిని లాగుట పందెమగుట వింత కాదు. కాని పందెమును చూచి మరలు పిల్లవానికి గోడమీది చిత్రమును చూపినచో, బండి వెనుక మీటపట్టిన మనుష్యుడు ఏమి చేయుచున్నాడో వానికి ఉపన్యాసము అవసరములేదు.

కాకతీయుల గోడ నిర్మాణరీతిని తెలియుటకు ఓరుగల్లును పోల్చి చూడవలెను. అచ్చట గణపతిదేవుడు ప్రారంభింపగా రుద్రమ పూర్తిచేసిన రాతికోట వర్తులాకారము. వ్యాసము సుమారు 1.2 కిలోమీటరులు. బయటి ముఖమున చెక్కిన పెనురాళ్లు, లోపలివైపు మట్టికట్ట, ఆ కట్టపైకి సైనికు లెచ్చటనుండియైనను ఎక్కుటకు మెట్లు. దానికి వెలుపల మరియొక మట్టికోట. రాయచూరు లోగోడయందును ఈ సంప్రదాయమే కనిపించును. రాతిమొగము సున్నము లేకయే కూర్పబడినది. వెనుక మట్టి దట్టింపబడినది. సున్నము లేని గోడ బలహీనమనుకొనుట పొరపాటు. వానకాలమున వెనుకమట్టిలో దిగిన నీరు రాళ్ల సందులగుండ బయటికి కారిపోవును. గోడమీద నీటి ఒత్తిడి నిలువదు. నేల కొంచెము క్రుంగినను రాళ్లు తమలో తాము సర్దుకొనును, బీటలు వారవు. సున్నపుగోడ పగులును, ఈ గోడ కదలి నిలుచును.

ఈ లక్షణమే ఒక కాలమున గోడకు శత్రువైనది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాతో తలపడి రాయచూరును ముట్టడించెను. పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ న్యూనిజ్ ఆ యుద్ధమును విపులముగ వర్ణించినాడు. అతడు 1522 అని వ్రాయగా, రాబర్ట్ స్యూయల్ తిథివారములను పరిశీలించి 1520 మే 19 అని నిర్ణయించెను. కోటకు సున్నము లేని బలమైన రాతిగోడలు మూడు వరుసలు కలవనియు, లోపల మట్టి దట్టించిరనియు, గుట్టపైని దుర్గమున ఏడాదిపొడవున ఊరు నీటిబుగ్గ కలదనియు న్యూనిజ్ చెప్పినాడు. గోడను ఫిరంగులతో పడగొట్టుటకు రాయల సైన్యము పూనుకొనలేదు. గోడ మొదటికి చేరి గడ్డపారలతో రాళ్లను ఊడబెరుకుటకు పూనుకొనినది. ఊడదీసిన రాతికి దాని పరిమాణమును బట్టి సేనాపతులు సైనికులకు సొమ్ము చెల్లించిరట! పైనుండి రాళ్లు, బాణములు, తుపాకిగుండ్లు కురియుచుండ ఆ పని యెంత ప్రాణాంతకమో ఊహింపవచ్చును. అప్పుడు క్రిస్తోవావ్ ద ఫిగెరేదో అను పోర్చుగీసువాడు ఇరువదిమంది తుపాకిగాండ్రతో వచ్చి గోడపై తలయెత్తినవారినెల్ల గురిచూచి కాల్పజొచ్చెను. లోపలివారు తలదాచుకొనగా క్రిందివారు నిర్భయముగ రాళ్లను పెరికిరి. కోట అధిపతి స్వయముగ వంగి చూడబోయి నుదుట గుండు తగిలి కూలెను, కోట లొంగినది. శిథిలమైన గోడలను రాయలు మరల బాగుచేయించెను. కాబట్టి లోగోడలో నేడు కనిపించు రాతి వరుసలన్నియు 1294 నాటివే యని అనుకొనరాదు. కాకతీయులు పేర్చిన రాళ్లను విజయనగరమువారు పెరికి, మరల పేర్చిన తావులును ఉండితీరును. రెండు పర్యాయములును ఆ పని చేయించిన ప్రభువులు తెలుగును ఆదరించినవారగుట చరిత్ర చేసిన వినోదము.

వెలిగోడను, దాని ద్వారములను గూర్చి ఇచ్చట విస్తరింప నక్కరలేదు. పడమట మక్కా దర్వాజా. దానిపై 1470 నాటి శాసనము బహమనీ సుల్తాను మూడవ మహమ్మదుషా కాలమునకు, ప్రధాని మహమూద్ గవాను నాటికి చెందినది. తూర్పున కాటీ దర్వాజా, ఉత్తరమున శిల్పములతో నిండిన నౌరంగీ దర్వాజా. లోగోడకు పడమట సైలానీ దర్వాజా, తూర్పున సికందరీ దర్వాజా. కోటలోని ఒంటిమీనారు మసీదు 1513 ప్రాంతపుది. ఇంత చిన్న ప్రదేశమున తెలుగు, కన్నడ, పారసీక, అరబ్బీ లిపులు నాలుగును శిలలపై కనిపించు ఊళ్లు దక్కనులో కొలదిగనే కలవు.

ఆధునిక కాలమున ఊరు పలుమార్లు చేతులు మారినది. 1853లో నిజాము ఆంగ్లేయులకు అంతర్వేదిని అప్పగించెను. 1860లో తిరిగి పొందెను. 1948 వరకు హైదరాబాదు సంస్థానము, పిదప హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త విభజనమున రాయచూరు మైసూరు రాష్ట్రమునకు చేరినది. అదే జిల్లాలోని గద్వాల, ఆలంపూరు తాలూకాలు తెలుగు ప్రాంతములగుటచే మహబూబునగరమునకు చేరినవి. మైసూరు 1973లో కర్ణాటక మైనది. ఆ విభజనమున రాయచూరు పట్టణపు తెలుగువారు అల్పసంఖ్యాకులైరి. ఇండ్లు కదలలేదు, పొలములు కదలలేదు, పొలిమేర కదలినది.

“మీరు ఎప్పుడు వచ్చిరి?” అను ప్రశ్న అప్పటినుండి తెలుగు పిల్లలకు ఎదురగుచునే యున్నది. సమాధానముగ ఈ శాసనమును చూపుట వాడుక. చూపవచ్చును, అయితే ఏమని చూపుచున్నామో తెలిసి చూపవలెను. శాసనము ఒక దండయాత్రను చెప్పుచున్నది. అంతకు పూర్వము ఊరు యాదవుల యేలుబడిలో నుండెను. చుట్టుపట్ల కన్నడ శాసనములును అనేకము కలవు. కనుక ఇది భూమిపై హక్కుపత్రము కాదు. 1294లో రాయచూరు గోడమీద తెలుగున చెక్కించిన మాటను చదువగలవారు అచ్చట నుండిరనుటకు మాత్రము ఇది తిరుగులేని సాక్ష్యము. చదువరులు లేని భాషలో అంతటి పెద్ద ప్రకటనను ఎవరును చెక్కింపరు. ఇంతవరకు చెప్పిన చాలును. అంతకుమించి చెప్పిన, ఎదుటివాడు మరియొక శాసనమును తెచ్చి చూపును, వివాదము మిగులును.

లిపి విషయమై ఒక్క మాట. పదుమూడవ శతాబ్దినాటికి తెలుగు, కన్నడ లిపులు పూర్తిగ విడిపోలేదు. రాయచూరులో ఉభయభాషలను నేర్చుకొను విద్యార్థికి ఈ శాసనాక్షరములు, రెంటిలో ఒక్కటే నేర్చినవానికంటె సులభముగ లొంగును. రెండు తలకట్టుల నడుమ తికమక పడుచున్నాడని తల్లిదండ్రులు విచారించు పిల్లవాడే ఇచ్చట ముందు చదువును.

కోట రక్షిత స్మారకము. హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ 1914లో ఏర్పడినది మొదలు ఇటువంటి కట్టడములపై ప్రభుత్వదృష్టి కలిగినది. 1958లో కేంద్రచట్టము, 1961లో మైసూరు రాష్ట్రచట్టము వెలువడినవి. కేంద్రచట్టమునకు 2010లో చేసిన సవరణమును బట్టి, కేంద్రరక్షిత స్మారకమునకు నూరు మీటరులలోపు కొత్త కట్టడము నిషిద్ధము; ఆపైన రెండువందల మీటరులవరకు అనుమతి పొందవలెను. స్మారకమునకు హాని చేసినవారికి రెండేండ్లవరకు కారాగారము, లక్ష రూపాయలవరకు జరిమానా. చట్టము బాగుగనే యున్నది. కాని గుడిని రక్షించుట ఒక ఎత్తు, గోడను రక్షించుట వేరొక ఎత్తు. గుడికి తలుపు కలదు, పూజారి కలడు, చుట్టును తిరిగి చూచుటకు పది నిమిషములు చాలును. గోడ మైళ్లకొలది సాగును. దానికి ఆనుకొని ఇండ్లు, అంగళ్లు, దారులు పుట్టును. గుడిలో రాయి కదలిన ఊరంతయు గోల పెట్టును. గోడలో రాయి మాయమైన ఎవరికిని తెలియదు. సున్నములేని గోడలో రాయి తీయుటయు సులభమే. 1520లో సైనికులు ప్రాణములొడ్డి చేసిన పనిని శాంతికాలమున ఒక్క గడ్డపార చేయగలదు.

అజ్ఞానమువలన కలుగు హాని దొంగతనమునకంటె తక్కువది కాదు. రాళ్ల సందులలో రావి, మఱ్ఱి మొలకలు లేచును. వానిని చిన్ననాడే వేరుతో తీయకున్న పదేండ్లలో రాతిని త్రోయును. పెరిగిన చెట్టును పెరికినచో గోడయే వెంట వచ్చును; కావున మొదలు నరికి, వేరును చంపి, లోపలనే యుంచవలెను. సందులను సిమెంటుతో పూడ్చుట బాగుచేయుట అనుకొందురు. పైన చెప్పినట్లు ఈ గోడ ఊపిరి ఆ సందులలోనే యున్నది. సిమెంటు వేసిన, వెనుకమట్టిలోని నీటికి దారి మూసికొనిపోవును. గోడ కడుపుబ్బి ఒకనాడు ముందునకు ఒరగును. శాసనాక్షరములలో సున్నముగాని, రంగుగాని, పసుపుగాని నింపుటయు ఇట్టిదే. భక్తితో చేసినను, ఉత్సాహముతో చేసినను, అక్షరపు అంచు చెడును. రంగు నింపినవాడు తప్పుగ చదివినచో ఆ తప్పే స్థిరపడును.

శాసనమును తీసికొనిపోదలచినవారికి అచ్చు తీయు పద్ధతి యొక్కటే సరియైనది. నీటితో, మెత్తని కుంచెతో రాతిని కడిగి, తడిపిన కాగితమును పరచి, కుచ్చుతో మెల్లగ తట్టగా కాగితము అక్షరపు గుంటలలోనికి దిగును. పైన మసిపూసిన మెత్తతో అద్దినచో చదునుభాగము నల్లబడి, అక్షరము తెల్లగ నిలుచును. రక్షిత స్మారకమునందు దీనికి శాఖవారి అనుమతి కావలెను. పని తెలిసినవారిచేతనే చేయింపవలెను. 41 అడుగుల శిలకు కాగితములు వరుసగ అంటించి ఒకే పటముగ కూర్పవలసియుండును. అట్టి ప్రతి యొకటి, దాని ప్రక్క నేటి లిపిలో పాఠము, పదముల అర్థము, గోన గన్నయ పేరు సరియైన రూపమున వ్రాసి ఒక్కొక తెలుగు పాఠశాల గోడకు వ్రేలాడదీయుట సంఘములు చేయదగిన పని. వ్యయము స్వల్పము. ఒక వార్షికోత్సవపు దండల ఖర్చునకు మించదు.

అంతవరకు శిలయొద్దకే పోయి చూడగోరువారు ఉదయము ఎండ ఏటవాలుగ నున్నపుడో, సాయంకాలము ప్రొద్దు వాలునపుడో పోవలెను. మిట్టమధ్యాహ్నపు వెలుగులో అక్షరములు రాతితో కలిసిపోయి కనిపింపవు. వెలుగు ప్రక్కనుండి పడినపుడు ఒక్కొక్క గీతకు నీడ యేర్పడి, పంక్తులు తేటపడును. కొంచెము కుడికి జరిగిన బండియు, పశువులును, మీటలు పట్టిన మనుష్యులును కనిపింతురు.